వరసలో పెట్టిన డబ్బా

గ్రాఫుగాడంటే నాకెంత అసహ్యమో ముందే చెప్పేస్తాను. తర్వాత ఎవరూ నేనేదో కడుపులో పెట్టుకుని రాశానని అనకూడదు. కడుపులో ఏమీ పెట్టుకోవడం లేదు, అంతా ఇక్కడే కక్కేస్తున్నాను. వాడు నా భార్యకు సొంత తమ్ముడు, నాకు బావమరిది. ఏ కాగితం ముక్క దొరికినా, ఆఖరికి కరెంటు బిల్లు వెనకైనా సరే, పైకీ కిందికీ పోయే గీత ఒకటి గీసి చూపిస్తాడని వీధిలో వాడికా పేరు పెట్టారు. వాడు తుడుచుకుని పడేసిన కాగితం కనబడినా ఇప్పుడు కాల్చి పారేస్తాను.

నాది పిండి మర. ఏడో తరగతిలో బడి మానేసిన దగ్గర్నుంచీ రాళ్ల మధ్యనే నా బతుకు. మొదట ఇంకొకరి మరలో, ఈ పన్నెండేళ్లూ అద్దె గదిలో నా సొంత మరలో. పొద్దున ఆరింటికి షట్టరు లేస్తుంది, ఆఖరి డబ్బా ఆడేదాకా దిగదు. కనుబొమల మీది పిండి స్నానానికి కూడా పోదు. పదేళ్లుగా దగ్గుతున్నాను.

మరకొక ధర్మం ఉంది. గోధుమలు తెచ్చినవాళ్లు డబ్బా వరసలో పెట్టి పోవచ్చు. మనిషి నిలబడనక్కర్లేదు, డబ్బా నిలబడితే చాలు. కరెంటు పోయినా, బెల్టు తెగినా, నేను జ్వరమొచ్చి రెండు రోజులు షట్టరు ఎత్తకపోయినా, ఎత్తిన రోజున మూడో డబ్బా మూడో డబ్బానే. ఈ పన్నెండేళ్లలో ఒక్కరి వంతు పోనివ్వలేదు. గ్రాఫుగాడి డబ్బా ఒక్కటే దీనికి బయట. అదెప్పుడొచ్చినా వరస తలలో కూచునేది. పైసా తీసుకునేవాణ్ణి కాను. భార్య తమ్ముడు కదా! వాడు కూడా మొహమాటపడకుండా, నలుగురు ఆడవాళ్లు ఎండలో నిలబడి చూస్తుండగానే, వాళ్ల డబ్బాలను కాలితో పక్కకి జరిపి తనది పెట్టేవాడు.

మర ఉన్న గది కాంపౌండరు గారిది. ఒకప్పుడు డాక్టరు దగ్గర సూదులేసేవాడు. ఆ పని మానేసి ఇరవయ్యేళ్లయినా పేరు మాత్రం వదల్లేదు. వేరే ఊరికి మారిపోతూ గది అమ్మేస్తానన్నాడు. ముందు నన్నే అడిగాడు. ఏడున్నర లక్షలు. లక్షా యాభై వేలు బయానా ఇచ్చి కాగితం రాసుకున్నాం. మిగతా ఆరు లక్షలూ నెలాఖరు శుక్రవారం సాయంత్రం నాలుగ్గంటల లోపు చేతికి రావాలి, రాకపోతే గదీ లేదు, బయానా కూడా తిరిగి రాదు. అది ఆయన చేత్తో రాసిన ముక్క. కింద నా సంతకం ఉంది, సంతకంలో వంకరలున్నాయి గానీ నాదే.

కాగితం రాసిన రోజు నా భార్య సుద్దముక్క తీసుకుని వెనక గోడ మీద చతురస్రం ఒకటి గీసింది.

"ఏంటే అది?"

"కిటికీ. ఈ గోడ మనదైన మర్నాడే ఇక్కడ కొట్టించాలి. పిండంతా నీ గుండెల్లోకి పోకుండా బయటికి పోతుంది."

కిటికీ పెట్టించమని పన్నెండేళ్లుగా కాంపౌండరు గారిని అడుగుతూనే ఉన్నాం. గోడ బలహీనపడుతుందట. నా ఊపిరితిత్తులు బలహీనపడితే ఆయనకేం?

ఆరు లక్షలకు నేనేమీ వెతుక్కోనక్కర్లేదు. అంతకు ఏడాది ముందే నేను కూడబెట్టిన ఐదు లక్షల డెబ్బై వేలతో గ్రాఫుగాడు ఒకే కంపెనీవి పదిహేను వందల షేర్లు కొనిపించాడు. "బ్యాంకులో పెడితే బూజు పడుతుంది బావా. ఇదైతే డబ్బున్నట్టే. కావాలంటే నొక్కు, వచ్చేస్తుంది" అన్నాడు. బయానా ఇచ్చిన రోజునే అమ్మేద్దామని నేనంటే, "పెరుగుతోంది, ఆఖరి వారం దాకా ఆగు. ఈలోపు నా క్లాసుకి రా, నీకే అర్థమవుతుంది" అన్నాడు.

క్లాసు జిరాక్సు షాపు మీద గదిలో. ప్లాస్టిక్కు కుర్చీలు పాతిక, గోడ మీద తెల్లగుడ్డ. బయట అట్టముక్క మీద "మార్కెట్‌కి కొత్తవారికి: వేళలు, సెలవులు. ఫీజు పదిహేను వందలు" అని ఉంది. పదిహేను వందలూ లెక్కపెట్టి తీసుకున్నాడు. నా వేళ్ల పిండి నోట్లకి అంటిందని చేతిరుమాలుతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏడాదికి ఎన్ని డబ్బాల పిండి తిన్నాడో వాడు! అందరి ముందూ నన్ను బావా అనలేదు. "మర ఆయనా, వెనక కూర్చోండి" అన్నాడు.

చెప్పడం మాత్రం బాగానే చెప్పాడు. ఉన్నమాట దాచడమెందుకు?

"మార్కెట్ అంటే భయపడకండి. అదీ ఒక కొట్టే. దానికీ షట్టరుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా తొమ్మిదింబావుకి లేస్తుంది, మూడున్నరకి దిగుతుంది. శని, ఆదివారాలు మూసేస్తారు. ఇవి కాక ఏడాదికి కొన్ని సెలవులు."

ముందు వరసలో ఉన్న కుట్టుమిషను ఆవిడ అడిగింది. "మరి మూడున్నర దాటాక అమ్మకం నొక్కితే ఏమవుతుంది సార్?"

"ఏం కాదు మేడం. అలాగే ఉంటుంది. మర్నాడు షట్టరు లేవగానే దాని పని అది చూసుకుంటుంది."

నా మర లాంటిదే అనుకున్నాను. మనసు కుదుటపడింది.

అప్పుడు తలా ఒక కాగితం పంచాడు. ఏడాది మొత్తం నెలల వారీగా ఉంది, కొన్ని తేదీల మీద ఎర్ర చుక్కలు, అక్కడక్కడా నీలం చుక్కలు. "ఎర్రచుక్క అంటే మార్కెట్ సెలవు. గోడకి అంటించుకోండి" అన్నాడు.

నేను చెయ్యెత్తాను. "నీలం చుక్కలేంటి?"

"అది రెండో మెట్టు క్లాసులో. ఫీజు మూడు వేలు" అని నవ్వాడు. పాతికమందీ నవ్వారు. నేనూ నవ్వాను. సిగ్గు లేకపోతే సరి, ఎవరు నవ్వితే వాళ్లతో నవ్వెయ్యడమే.

కాగితం తెచ్చి మర గోడకి, మీటరు పక్కన మైదా జిగురుతో అంటించాను. ఎర్రచుక్కలన్నీ నోటికొచ్చేశాయి. ఆఖరి వారంలో మంగళవారం ఎరుపు. శుక్రవారం మీదేముందో అప్పటికే పిండి పేరుకుని కనబడలేదు. కనబడినా ఏం లాభం? దానర్థం మూడు వేలు కదా!

ఆఖరి వారం సోమవారం పొద్దున పదింటికి గ్రాఫుగాడి ఇంటికి పోయాను. అప్పుడే లేచి, పళ్లు తోముకుంటూ బయటికొచ్చాడు. నురగ నోటితోనే మాట్లాడుతుంటే నా ఫోను అద్దం మీద తుంపర్లు పడ్డాయి.

"నాలుగొందల తొమ్మిది నడుస్తోంది బావా. నువ్వు నాలుగొందల పన్నెండు పెట్టు. అదే వచ్చి తగులుతుంది."

"ఉన్న రేటుకే అమ్మి పారేస్తే పోలా?"

"షేరుకి మూడు రూపాయలు! పదిహేను వందల షేర్లకి నాలుగువేల ఐదొందలు. నీకంత రావాలంటే ఎన్ని డబ్బాలు ఆడాలి చెప్పు?"

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. అన్ని డబ్బాలు కళ్ల ముందు వరసగా కనబడ్డాయి.

"ఎలా పెట్టాలి?"

"అదేంటి, క్లాసుకొచ్చావుగా? నువ్వే నొక్కు. నీ అంతట నువ్వు నేర్చుకోవాలి."

నొక్కాను. పసుపు రంగులో పెండింగ్ అని పడింది. "అమ్ముడుపోవాలింకా. రేటు అక్కడికి రాగానే పోతుంది" అని నోరు కడుక్కోవడానికి లోపలికి పోయాడు.

మూడింటికి చూస్తే నాలుగొందల పది. ఆ తర్వాత హోటలు వాళ్ల గోధుమల మూటలు నాలుగొచ్చాయి, మళ్లీ ఫోను ముట్టుకోలేదు. చూడాల్సిన పనేముంది? డబ్బా వరసలో పెట్టాను. వంతు రానీ, రేటు రానీ.

మంగళవారం ఎర్రచుక్క. నిమ్మళంగా పని చేసుకున్నాను. షట్టరు మూసుంటే వరస కదలదు, చెదరదు కూడా.

బుధవారం పొద్దున రాళ్లు విప్పి ఉలితో గాట్లు కొడుతున్నాను. అరిగిన రాయి పిండిని కాల్చేస్తుంది, రెండు వారాలకోసారి ఈ పని తప్పదు. పదకొండింటికి చేతులు దులుపుకుని రేటు చూశాను. నాలుగొందల పదిహేను! పన్నెండు దాటి మూడు పైన.

"ఏమే! పోయింది, అమ్ముడుపోయింది!" అని అరిచాను.

తూకం దగ్గర కూచున్న నా భార్య లేచొచ్చింది. "ఎంతకి?"

"పన్నెండు పెట్టాను కదా, దాటేసింది. ఆరు లక్షల పద్దెనిమిది వేలు."

"అయితే ఆ పద్దెనిమిదీ కిటికీకి" అంది. సుద్దగీత చెరిగిపోయిందని మళ్లీ దిద్దింది. ఈసారి కొంచెం పెద్దదిగా గీసింది. ఆశకు కొలతబద్ద లేదు కదా!

సాయంత్రం ఐదింటికి, రాళ్లు బిగించాక, ఆవిడకి చూపిద్దామని ఫోను తెరిచాను. అమ్మకాల పెట్టె ఖాళీ. షేర్లు పదిహేను వందలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. సోమవారం నేను పెట్టినదాని ఎదురుగా బూడిదరంగులో రద్దు అని ఉంది. టైము కూడా వేశాడు మహానుభావుడు, సోమవారం మూడున్నర.

గ్రాఫుగాడికి ఫోను చేశాను.

"రద్దేంట్రా? నేను రద్దు చెయ్యలేదే!"

"సోమవారం పెట్టింది సోమవారంతోనే పోతుంది బావా. ఏ రోజుది ఆ రోజే. అమ్ముడుపోకపోతే మర్నాడు మళ్లీ పెట్టుకోవాలి."

"మరి క్లాసులో ఆ కుట్టుమిషను ఆవిడకి అలాగే ఉంటుందన్నావు?"

"అది షట్టరు దిగాక పెట్టిన సంగతి. నువ్వు తెరిచున్నప్పుడు పెట్టావు."

"మూసున్నప్పుడు పెడితే ఆగుతుంది, తెరిచున్నప్పుడు పెడితే పారేస్తారా? అదేం కొట్టురా నీ బొంద కొట్టు? నా మరలో డబ్బా పెట్టినవాడు వారం తర్వాతొచ్చినా వాడి వంతు వాడిదే!"

"అందుకే నువ్వు మర దగ్గరే ఉన్నావు బావా" అన్నాడు.

ఈ మాట ఎవరింట్లో చెప్పినా నవ్వుతారు. చెప్పుకోవడానికి మనుషులున్నారా అంటే ఉన్నారు, నవ్వేవాళ్లే అంతా.

నా భార్య మాత్రం నవ్వలేదు. "ఇంకా రెండు రోజులుంది కదా. రేపు పొద్దున్నే అమ్మెయ్" అంది.

గురువారం తొమ్మిదింబావు కాగానే నొక్కాను. ఈసారి రేటు పెట్టలేదు, ఎంతుంటే అంతకు. నాలుగొందల మూడు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి. పెద్దవాళ్లు ఊరికే అనలేదు. మొత్తం ఆరు లక్షల నాలుగువేల ఐదొందలు. పోనీలే, కాంపౌండరు గారికి సరిపోయింది. తీరా బ్యాంకులోకి పంపబోతే, తీసుకోదగిన సొమ్ము సున్నా అని చూపించింది.

"అమ్మిన మర్నాడొస్తుంది బావా. రేపటికి నీ బ్యాంకులో ఉంటుంది" అన్నాడు గ్రాఫుగాడు. పక్కన ఎవరో నవ్వుతున్నారు. వాడు ఏదో తింటూ మాట్లాడుతున్నాడు, నమిలే చప్పుడంతా నా చెవిలోకి వచ్చింది.

శుక్రవారం ఆరింటికి మర తెరవకుండా బ్యాంకుకి పోయాను. ఒంట్లో బాగుండి కూడా షట్టరు ఎత్తకపోవడం పన్నెండేళ్లలో మొదటిసారి. బ్యాంకు షట్టరుకు కాగితం అంటించి ఉంది, ఇవాళ బ్యాంకులకి సెలవని. ఎదుటి ఏటీఎంలో కార్డు పెట్టి చూస్తే నా ఖాతాలో పదకొండు వందల చిల్లర.

తిరిగొచ్చి గోడ మీది కాగితం దగ్గర నిలబడ్డాను. ఆ రోజు తేదీ మీది పిండిని బొటనవేలితో తుడిచాను. కింద నీలం చుక్క.

"ఓ, ఇవాళ నీలమా!" అన్నాడు గ్రాఫుగాడు ఫోన్లో. "నీలం అంటే మార్కెట్ తెరిచే ఉంటుంది, కొనొచ్చు, అమ్మొచ్చు. బ్యాంకులు మూసుంటాయి కాబట్టి డబ్బు మాత్రం కదలదు. నీది సోమవారం వస్తుంది."

"మొన్న మంగళవారం బ్యాంకులున్నాయి, మార్కెట్ లేదు. ఇవాళ మార్కెట్ ఉంది, బ్యాంకు లేదు. నిన్న నువ్వు రేపొస్తుందన్నావు!"

"మామూలుగా అయితే రేపే. చుక్క సంగతి నాకు తట్టలేదు బావా."

"సరే. నాకు నాలుగింటి లోపు ఆరు లక్షలు కావాలి. సోమవారం ఆ డబ్బు నీకే ఇచ్చేస్తాను. సర్దు."

"నాదంతా మార్కెట్లోనే ఉంది. పైగా దగ్గరివాళ్లకి చేబదులు ఇవ్వకూడదని నేనే క్లాసులో చెప్తా కదా. నేనే తప్పితే ఎలా?"

తెలిసినవాళ్లందరినీ అడిగాను. పిండి మర మనిషికి ఆరు లక్షలు చేబదులిచ్చేవాళ్లు ఎంతమందుంటారో మీరే చెప్పండి. మూడున్నరకి కాంపౌండరు గారి ఇంటికి పోయాను. అక్కడ అప్పటికే మా గది పక్కన మందుల షాపు నడిపే ఆయన కాళ్లు చాపుకుని కూచుని ఉన్నాడు. పాదాల దగ్గర బట్టసంచి ఉంది, నోట్ల కట్టల మూలలు పొడుచుకొచ్చి కనబడుతున్నాయి.

ఫోను చూపించాను. "చూడండి, ఆరు లక్షల నాలుగువేలు. నాదే. సోమవారం పొద్దున్నే మీ చేతిలో ఉంటుంది."

కాంపౌండరు గారు కళ్లజోడు పైకెత్తి చూశాడు. "ఇది ఫోన్లో ఉందయ్యా. నా చేతిలో లేదు."

"ఇవాళ బ్యాంకులకి సెలవు కదండీ."

"బ్యాంకు సెలవైతే నోట్లు తేవచ్చు, ఈయన తెచ్చాడు. కాగితం మీద శుక్రవారం అని రాశాను. సెలవులు లేని శుక్రవారం అని రాయలేదు."

"పన్నెండేళ్లు ఒక్క నెల అద్దె ఆపలేదు నేను. మూడు రోజులు ఆగలేరా?"

ఆయన గోడగడియారం కేసి చూశాడే గానీ నాకేసి చూడలేదు. "ఈయన ఎనభై వేలు ఎక్కువిస్తున్నాడు" అన్నాడు చివరికి. కనీసం అబద్ధం చెప్పలేదు, అంతవరకు నయం. మందుల షాపాయన నాకు మంచినీళ్లు ఇమ్మన్నాడు. తాగలేదు. నాలుగు కొట్టేదాకా అక్కడే నిలబడ్డాను, ఎందుకో నాకే తెలీదు. ఆ తర్వాత ఆయన మా కాగితాన్ని రెండుగా చింపాడు.

శనివారం మధ్యాహ్నం గ్రాఫుగాడొచ్చాడు, చేతిలో గోధుమల డబ్బా. ఎప్పటిలాగే వరస తలలో పెట్టి కుర్చీ లాక్కున్నాడు.

"విన్నాను బావా. బాధపడకు. అయినా నీకు లాభమే కదా వచ్చింది! ఐదు డెబ్బై పెట్టావు, ఆరు నాలుగున్నర వచ్చింది. ముప్ఫై నాలుగువేల ఐదొందలు. ఏడాదికి ఆరు శాతం" అని పిండి పట్టిన బల్ల మీద వేలితో గీత గీశాడు, పైకి పోయే గీత. "నువ్వు రెండో మెట్టు క్లాసుకి వచ్చెయ్. నీకు ఫ్రీ. నీ కథ వచ్చే క్లాసులో చెప్తాను, పేరు చెప్పనులే, తెలిసిన మర ఆయనొకడని చెప్తా. జనానికి బాగా ఎక్కుతుంది."

మర ఆపేశాను.

నా భార్య తూకం దగ్గర్నుంచి అడిగింది. "ఒరేయ్, ఆ నీలం చుక్క గురించి మీ బావ క్లాసులో అడిగాడట కదా. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"అందరికీ ఒకటే రూలక్కా. పాతికమందిలో ఒకడికి ఊరికే చెప్తే మిగతావాళ్లు మూడు వేలెందుకు కడతారు?"

"క్లాసయ్యాక ఇంటికొచ్చి చెప్పొచ్చుగా?"

"ఇంటికొచ్చినప్పుడు అడగలేదుగా మరి."

నా భార్య కాసేపు వాడి మొహం చూసింది, చిన్నప్పుడు తను ఎత్తుకు తిప్పిన మొహం. లేచి వాడి డబ్బా తీసుకెళ్లి వరస చివర పెట్టింది. ముందు తొమ్మిది డబ్బాలున్నాయి. వాడు నవ్వాడు, అక్క వేళాకోళమాడుతోందనుకుని. మర మళ్లీ వేశాను. నాలుగు డబ్బాలు అయ్యేసరికి మూడున్నర అయింది. నా భార్య మర ఆపించింది. మిగిలిన ఐదుగురికీ, రేపు పొద్దున్నే మీ వంతు మీదేనని చెప్పి పంపింది. వాడి డబ్బా తెచ్చి వాడి ఒళ్లో పెట్టింది.

"నీది ఇవాళ్టితో పోయిందిరా. మళ్లీ పెట్టుకో. ఆడించినందుకు డబ్బులు తెచ్చుకో."

వాడు డబ్బా పట్టుకుని వెళ్లిపోయాడు. నాకేమీ చల్లబడలేదు. పిడికెడు గోధుమలతో తీరే సంగతా ఇది?

సోమవారం పదిన్నరకి డబ్బొచ్చింది, పైసా తేడా లేకుండా. అప్పటికి మందుల షాపాయన మనుషులు నా గదిలో టేపు పెట్టి కొలుస్తున్నారు. వెనక గోడకి గీసిన సుద్దకిటికీ చూసి, అక్కడ ఏసీ మిషను పెడితే బాగుంటుందన్నాడు ఒకడు. నెల తిరిగేలోపు రాళ్లు విప్పి పట్టుకుపోవాలి. ఎక్కడికో ఇంకా తెలీదు.

ముప్ఫై నాలుగువేల ఐదొందల లాభం తీసేసి నష్టం లెక్క చెప్పమంటాడు గ్రాఫుగాడు, ఇప్పటికీ, ఎవరో ఒకరి చేత చెప్పించి. నేను తియ్యను. అది శుక్రవారానికి ముందు కూడా నాదే. పోయినవి ఇవి. పదకొండు అడుగుల వెడల్పు, పంతొమ్మిది అడుగుల పొడవున్న గది. బయానా లక్షా యాభై వేలు. వేళలూ సెలవులూ నేర్చుకోవడానికి కట్టిన పదిహేను వందలు. రొక్కం మొత్తం లక్షా యాభై ఒక్క వెయ్యీ ఐదు వందలు.